జేమ్స్ విల్సన్: ఓడిపోయిన తీర్మానాలు, గెలిచిన రాజీలు

1787 జూన్ 11. ఫిలడెల్ఫియాలో తలుపులు మూసుకుని జరుగుతున్న రాజ్యాంగ సమావేశంలో పెన్సిల్వేనియా ప్రతినిధి జేమ్స్ విల్సన్ ఒక తీర్మానం పెట్టాడు. ప్రతినిధుల సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో తేల్చేటప్పుడు స్వేచ్ఛగా ఉన్న జనాన్ని పూర్తిగా లెక్కించాలి, 'మిగతా వ్యక్తులందరినీ' ఐదింట మూడు వంతులుగా లెక్కించాలి. మిగతా వ్యక్తులంటే బానిసలు. దక్షిణ కెరొలినా నుంచి వచ్చిన చార్లెస్ పింక్నీ బలపరిచాడు. తొమ్మిది రాష్ట్రాలు సరేనన్నాయి, న్యూజెర్సీ, డెలవేర్ మాత్రం కాదన్నాయి.

ఈ తీర్మానం పెట్టినవాడు పత్తి తోటల యజమాని కాదు. మనుషులందరూ పుట్టుకతో సమానులనీ, ఒకరి సమ్మతి లేకుండా వాళ్లమీద ఇంకెవరికీ అధికారం ఉండదనీ అంతకు పదమూడేళ్ల ముందే అచ్చేయించిన మనిషి. స్వాతంత్ర్య ప్రకటన మీదా, రాజ్యాంగం మీదా రెండింటిపైనా సంతకాలున్న ఆరుగురిలో ఒకడు. తర్వాత అమెరికా సుప్రీంకోర్టు మొదటి ఆరుగురు న్యాయమూర్తుల్లోనూ ఒకడు.

విల్సన్ గురించి రాసేవాళ్లు చాలామంది కథను చివరినుంచి మొదలుపెడతారు. సుప్రీంకోర్టు జడ్జీ పదవిలో ఉండగానే అప్పులవాళ్లకు దొరక్కుండా ఊళ్లు మారాడు, రెండుసార్లు జైలుకెళ్లాడు, పరాయి ఊళ్లో సత్రంలో పోయాడు. అదంతా నిజమే, దాని దగ్గరికీ వస్తాను. కానీ అప్పుల కథ అతని రాజకీయ జీవితాన్ని కప్పేయడం నాకు నచ్చదు. అసలు విశేషం అక్కడుంది. విల్సన్ ముందుగా అడిగినవి దాదాపు అన్నీ ఓడిపోయాయి. అవి దక్కవని తెలిశాక బల్లమీద పెట్టిన రెండో మాటలే రాజ్యాంగంలోకి ఎక్కాయి. సివిల్ దావా వేసేటప్పుడు వకీలు ప్లెయింటు చివర ప్రధాన కోరిక రాసి, కోర్టు అది ఇవ్వలేకపోతే కనీసం ఇదైనా ఇప్పించమని ప్రత్యామ్నాయ కోరిక రాస్తాడు. విల్సన్ రాజకీయాలన్నీ ఆ పద్ధతిలోనే నడిచాయి. ఆ ప్రత్యామ్నాయాలకు బిల్లు మాత్రం వేరేవాళ్లు కట్టారు.

అతను పుట్టింది 1742లో, స్కాట్లండ్‌లోని ఫైఫ్ ప్రాంతంలో, సీరెస్ దగ్గర ఒక రైతు ఇంట్లో. స్కాలర్‌షిప్ మీద సెంట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చేరాడు. మతాచార్యుడు అవుతాడని ఇంట్లో ఆశ. తండ్రి పోవడంతో ఆ చదువు ఆగిపోయింది. 1765లో, కాగితాలమీద బ్రిటన్ పన్ను వేసిన స్టాంపు చట్టం మీద వలసరాజ్యాలు అట్టుడుకుతున్న సంవత్సరంలోనే, అమెరికాకు ఓడెక్కాడు. ఫిలడెల్ఫియా కళాశాలలో లాటిన్ చెప్పే చిన్న ఉద్యోగం దొరికింది. ఆ జీతంతో బతకడం కన్నా వకాలత్ మేలనుకుని జాన్ డికిన్సన్ దగ్గర చేరాడు. అప్పట్లో లా కాలేజీలు లేవు. పేరున్న లాయరుకు ఫీజు కట్టి, ఆయన ఆఫీసులో దస్తావేజులు ఎత్తిరాస్తూ, షెల్ఫులో ఉన్న పుస్తకాలు చదువుకుంటూ నేర్చుకోవడమే. 1767లో విల్సన్ బార్‌లో చేరాడు. ముందు రీడింగ్‌లో, తర్వాత సరిహద్దుకు దగ్గర్లో ఉన్న కార్లైల్‌లో ప్రాక్టీసు పెట్టాడు.

సరిహద్దు ఊరి లాయరుకు తిండి పెట్టేది భూమి తగాదా. పెన్సిల్వేనియాలో ప్రభుత్వ భూమి చేతికి రావాలంటే అయిదు మెట్లు ఎక్కాలి. ఫలానా వాగు పక్కన, ఫలానావాడి హద్దును ఆనుకుని ఇన్ని ఎకరాలు కావాలని దరఖాస్తు. డబ్బు కడితే భూమి కార్యాలయం ఇచ్చే వారంటు, అంటే ఆ భూమిని కొలవమని సర్వేయరుకు ఆదేశం. దిక్సూచి, గొలుసు పట్టుకుని, చెట్లమీద గొడ్డలి గాట్లు పెడుతూ సర్వేయరు చేసే కొలత. ఆ కొలత కాగితం సర్వేయర్ జనరల్ దగ్గరికి తిరిగి చేరడం. చివరికి మిగతా సొమ్ము, రుసుములు కట్టాక వచ్చే పేటెంటు, అదే పక్కా పట్టా. ప్రతి మెట్టు దగ్గరా చెడిపోవడానికి అవకాశముంది. దరఖాస్తులో వాగు పేరు అస్పష్టంగా ఉంటే ఒకే నేలమీద రెండు వారంట్లు పడతాయి. సర్వేయరు ఆలస్యం చేస్తే వెనకొచ్చినవాడు ముందు కొలిపించుకుంటాడు. గాటు పెట్టిన చెట్టు కాలిపోతే హద్దు పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, పట్టా రాకముందే వారంటు చేతులు మారుతుంది. ఎవరూ చూడని అడవి కాగితం రూపంలో నాలుగు చేతులు తిరిగేస్తుంది. విల్సన్ నేలను నేలగా కాకుండా కాగితంగా చూడటం కార్లైల్ కోర్టులోనే నేర్చుకున్నాడని నా అనుమానం.

1768లోనే అతనొక వ్యాసం రాసిపెట్టుకున్నాడు. బ్రిటిష్ పార్లమెంటుకు వలసరాజ్యాలమీద ఏ మేరకు అధికారముందన్నది ప్రశ్న. ఏ మేరకూ లేదన్నది జవాబు. పన్నుల విషయంలో లేదు, వాణిజ్య విషయంలో ఉంది అని ఆనాటి వాదులు గీసుకున్న గీతను విల్సన్ చెరిపేశాడు. మనం ఓటేయని సభకు మనమీద సగం అధికారం ఎలా ఉంటుంది? రాజుకు విధేయత వేరు, పార్లమెంటుకు లోబడటం వేరన్నాడు. రాసిన ఆరేళ్లకు, 1774లో, ఊరు వేడెక్కాక గానీ అచ్చు వేయలేదు. మనిషి ఆలోచనలో తొందర, అడుగు వేయడంలో ఆచితూచి నడిచే తత్వం రెండూ ఇక్కడే కనిపిస్తాయి. 1776 జూన్‌లో స్వాతంత్ర్య తీర్మానాన్ని కాస్త ఆపమన్నవాళ్లలో కూడా అతనున్నాడు. తన రాష్ట్ర ప్రజలు తనకింకా ఆ అధికారం ఇవ్వలేదన్నది కారణం. జూలై 2న ఓటింగు నాటికి ఆ అడ్డు తొలగింది. డికిన్సన్, రాబర్ట్ మోరిస్ ఓటు వేయకుండా తప్పుకున్నారు. ఫ్రాంక్లిన్, మోర్టన్, విల్సన్ అటు, ఇంకో ఇద్దరు ఇటు. మూడు రెండు తేడాతో పెన్సిల్వేనియా స్వాతంత్ర్యం వైపు పడింది. గురువు తప్పుకున్న చోట శిష్యుడి ఓటుతో లెక్క తేలింది.

తర్వాతి మూడేళ్లలో అతను సొంత ఊళ్లోనే శత్రువుల్ని సంపాదించుకున్నాడు. 1776 పెన్సిల్వేనియా రాజ్యాంగం ఒకే సభతో, బలమైన గవర్నరు లేకుండా నడిచేది. విల్సన్ దాన్ని బాహాటంగా వ్యతిరేకించాడు. 1778లో బ్రిటిష్ సైన్యం ఫిలడెల్ఫియా వదిలి వెళ్లాక, శత్రువుకు సాయం చేశారంటూ రాజద్రోహం కేసులు మొదలయ్యాయి. నిందితుల తరఫున వాదించినవాళ్లలో విల్సన్ ఉన్నాడు. వడ్రంగి అబ్రహాం కార్లైల్, మిల్లు యజమాని జాన్ రాబర్ట్స్, ఇద్దరూ క్వేకర్లే (యుద్ధానికి దూరంగా ఉండే క్రైస్తవ శాఖవాళ్లు), ఓడిపోయారు. శిక్ష వేసిన జ్యూరీ సభ్యులే తర్వాత దయ చూపమని అర్జీ పెట్టారు. అయినా ఆ నవంబరు 4న ఇద్దరినీ ఉరితీశారు.

ఈ కేసుల ఫలితం తొమ్మిదేళ్ల తర్వాత కనిపించింది. అమెరికా రాజ్యాంగంలో నిర్వచనంతో సహా రాసిన నేరం ఒక్కటే, రాజద్రోహం. దేశంమీద యుద్ధం చేయడం, శత్రువులతో చేతులు కలిపి సాయపడటం, అంతే. బహిరంగ కోర్టులో నిందితుడే ఒప్పుకోవాలి, లేదా ఒకే బహిరంగ చర్యకు ఇద్దరు సాక్షులు ఉండాలి. ఒకరు సోమవారం చూసింది, ఇంకొకరు శుక్రవారం విన్నది కలిపితే చాలదు. ఈ క్లాజు తయారైన చిత్తు కమిటీలో విల్సన్ ఉన్నాడు, సభలో చర్చలోనూ మాట్లాడాడు. 1807లో మాజీ ఉపాధ్యక్షుడు ఆరన్ బర్‌మీద రాజద్రోహ విచారణ ఈ నిబంధన దగ్గరే ఆగిపోయింది. బర్ బయటపడ్డాడు. ఓడిన కేసులోంచి మంచి చట్టం పుట్టించడమంటే ఇదీ. విల్సన్ జీవితంలో ప్రత్యామ్నాయం కాకుండా నేరుగా గెలిచిన కొద్ది వాటిలో ఇదొకటి.

ఆ కేసుల కోపం, ధరల మంట కలిసి 1779 అక్టోబరు 4న అతని ఇంటిమీదికే వచ్చాయి. కాగితపు డాలరు విలువ పడిపోయి సరుకుల ధరలు ఆకాశానికెక్కాయి. ధరలకు పరిమితి పెట్టాలని మిలిషియా (పౌర సైనిక) దళాలు, వద్దని వర్తకులు. ఆయుధాలతో బయల్దేరిన గుంపు మూడో వీధి, వాల్నట్ వీధి కూడలిలో ఉన్న విల్సన్ ఇంటిని చుట్టుముట్టింది. లోపల అతనితో పాటు అతని మిత్రులు తుపాకులతో కూర్చున్నారు. కాల్పుల్లో రెండు వైపులా మనుషులు చచ్చిపోయారు. రాష్ట్రాధినేత జోసెఫ్ రీడ్ గుర్రపు దళంతో వచ్చి చెదరగొట్టాడు. ఆ ఇంటికి 'ఫోర్ట్ విల్సన్' అని పేరు పడింది. ప్రజలే సార్వభౌములని అందరికన్నా గట్టిగా వాదించిన మనిషిని ఆ ప్రజల్లో ఒక గుంపు ఇంటికొచ్చి కాల్చబోయింది. అయినా ఎనిమిదేళ్ల తర్వాత రాజ్యాంగ సమావేశంలో అతను ప్రజలమీద నమ్మకం తగ్గించుకోలేదు. ఇది నాకు అతనిమీద ఉన్న గౌరవాల్లో మొదటిది.

1787 సమావేశంలో గూవర్నూర్ మోరిస్ (గూవర్నూర్ అన్నది పదవి కాదు, పేరే) తర్వాత ఎక్కువసార్లు మాట్లాడింది విల్సనే, 168 సార్లు. ఇంత మాట్లాడినవాడు ఏం అడిగాడో చూడండి. జూన్ 1న, కార్యనిర్వాహక అధికారం ఒక్క మనిషి చేతిలో ఉండాలన్నాడు. గదిలో చాలాసేపు ఎవరూ నోరు తెరవలేదు. రాజును వదిలించుకుని పట్టుమని పదిహేనేళ్లు కాలేదు మరి. ఇది చివరికి నెగ్గింది. అదే రోజు, ఆ ఒక్క మనిషిని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలన్నాడు. ఎవరికీ ఎక్కలేదు. మర్నాడు ప్రత్యామ్నాయం తెచ్చాడు. రాష్ట్రాలను జిల్లాలుగా విడగొట్టి, ప్రతి జిల్లాలో ఓటర్లు ఎలెక్టర్లను ఎన్నుకుంటే ఆ ఎలెక్టర్లు అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. అప్పుడది ఎనిమిది రెండుతో ఓడింది. జూన్ 7న సెనేట్‌ను కూడా ప్రజలే ఎన్నుకోవాలన్నాడు. పెన్సిల్వేనియా తప్ప పదిరాష్ట్రాలూ వ్యతిరేకం. జూలై 17న అధ్యక్షుడి ప్రత్యక్ష ఎన్నిక మళ్లీ ఓటుకొచ్చింది. మళ్లీ పెన్సిల్వేనియా ఒక్కటే.

జూలై 19న వర్జీనియా ప్రతినిధి జేమ్స్ మాడిసన్ అసలు అడ్డంకి ఏమిటో బయటపెట్టాడు. ఓటుహక్కు ఉత్తరాదిలో ఎక్కువమందికి ఉంది, దక్షిణాదిలో తక్కువమందికి. నేరుగా ఓట్లు లెక్కిస్తే బానిసల వల్ల దక్షిణాదికి వచ్చే బలం ఏమీ ఉండదు, ఎలెక్టర్లను పెడితే ఆ చిక్కు తీరుతుంది. సెప్టెంబరులో ఎలెక్టర్ల పద్ధతి వేరే కమిటీ చేతిమీదుగా మళ్లీ వచ్చింది. ఎలెక్టర్ల సంఖ్య అంటే ప్రతినిధుల సీట్లు ప్లస్ రెండు సెనేట్ సీట్లు. అంటే జూన్ 11 నాటి ఐదింట మూడు వంతుల లెక్క అధ్యక్ష ఎన్నికలోకీ దిగిపోయింది. విల్సన్ విడివిడిగా పెట్టిన రెండు రాజీమాటలు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

దీని బరువెంతో మాటల్లో కన్నా లెక్కలో తెలుస్తుంది. 1790 జనాభా లెక్కల్లో పెన్సిల్వేనియా జనం 4,34,373. అందులో బానిసలు 3,737. వర్జీనియా జనం 7,47,610. అందులో బానిసలు 2,92,627. బానిసల్ని తీసేస్తే పెన్సిల్వేనియాలో 4,30,636 మంది, వర్జీనియాలో 4,54,983 మంది, ఇంచుమించు సమానం. 1792 కేటాయింపు చట్టం 33,000 మందికి ఒక సీటు చొప్పున, శేషం వదిలేసి భాగించింది. వర్జీనియా స్వేచ్ఛా జనానికి బానిసల సంఖ్యలో ఐదింట మూడు వంతులు, అంటే 1,75,576 కలపండి, 6,30,559 వస్తుంది. భాగిస్తే 19 సీట్లు. పెన్సిల్వేనియాకు అదే పద్ధతిలో 13. బానిసల్ని లెక్కలోకి తీసుకోకపోతే వర్జీనియాకూ 13 సీట్లే. ఓటు లేని, గొంతు లేని దాదాపు మూడు లక్షల మంది పేరుతో వాళ్ల యజమానుల రాష్ట్రానికి ఆరు సీట్లు, అధ్యక్ష ఎన్నికలో ఆరు ఓట్లు అదనం. 1800 అధ్యక్ష ఎన్నికలో జెఫర్సన్ గెలిచింది 73, 65 తేడాతో, ఎనిమిది ఓట్లతో. వర్జీనియా ఒక్కదానికే ఆరు అదనమైతే మిగతా దక్షిణాది రాష్ట్రాలవి కలిపి చూసుకోండి.

విల్సన్‌కు ఇది తెలియక చేశాడనడానికి వీల్లేదు. జూలై 11న సభలో తానే అడిగాడు. వీళ్లను పౌరులుగా లెక్కిస్తున్నామా? అయితే తెల్లవాళ్లతో సమానంగా ఎందుకు లెక్కించడం లేదు? ఆస్తిగా లెక్కిస్తున్నామా? అయితే ఇతర ఆస్తుల్ని ఎందుకు లెక్కించడం లేదు? ఇంతకన్నా పదునైన ప్రశ్న ఆ వేసవిలో ఆ గదిలో వినిపించలేదు. అడిగి, రాజీ అవసరం కనుక తప్పదని కూర్చున్నాడు. సమర్థకులు చెప్పే మాట ఒకటుంది: ఐదింట మూడు వంతులన్నది విల్సన్ కల్పన కాదు, 1783లో రాష్ట్రాలు కట్టాల్సిన సొమ్మును పంచడానికి కాంగ్రెస్ ప్రతిపాదించిన నిష్పత్తే. నిజమే. కానీ పన్ను పంపకంలో బానిసను లెక్కిస్తే యజమాని రాష్ట్రానికి భారం. సీట్ల పంపకంలో లెక్కిస్తే లాభం. అదే భిన్నం, గుర్తు తారుమారు. అంత లెక్క తెలిసిన లాయరుకు ఆ తేడా కనపడలేదంటే నేను నమ్మను. అతని ఇంట్లో కూడా ఒక బానిస ఉన్నాడు. 1794లో గానీ విడుదల చేయలేదు. బానిసల దిగుమతిని 1808 తర్వాత ఆపే వీలు కల్పించిన క్లాజు ఈ దేశంలో బానిసత్వం అంతానికి పునాది అని పెన్సిల్వేనియా ఆమోద సభలో చెప్పాడు. చివరికి ఆ పని చేసింది ఆ క్లాజు కాదు, 1861లో మొదలై నాలుగేళ్లు సాగిన యుద్ధం.

జూలై 26 నుంచి ఆగస్టు 6 వరకు సమావేశం సెలవు తీసుకుంది. అయిదుగురి చిత్తు కమిటీ మాత్రం పనిచేసింది. రట్లెడ్జ్, రాండోల్ఫ్, గోరమ్, ఎల్స్‌వర్త్, విల్సన్. అప్పటిదాకా ఆమోదించిన తీర్మానాల్ని రాజ్యాంగం రూపంలోకి తేవడం పని. విల్సన్ చేతిరాతలో ఉన్న చిత్తులు ఇప్పటికీ పెన్సిల్వేనియా చారిత్రక సంఘంలో ఉన్నాయి. ఓడిపోయిన న్యూజెర్సీ ప్రణాళికలోంచి, పింక్నీ ప్రణాళికలోంచి అతను ఎత్తిరాసుకున్న భాగాలు కూడా ఆ కాగితాల్లోనే దొరికాయి. మంచి లాయరు ఎదుటి పక్షం డ్రాఫ్టును పారేయడు, పనికొచ్చే ముక్కలు కోసి పెట్టుకుంటాడు. 'మేము, ప్రజలం' అన్న ఆరంభం ఈ చిత్తులోనే ఉంది, కాకపోతే ఆ వెంటే న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్ అంటూ రాష్ట్రాల పేర్లు వరసగా ఉన్నాయి. ఆ పేర్లు తీసేసి ఇప్పుడు మనకు తెలిసిన రూపమిచ్చింది సెప్టెంబరులో గూవర్నూర్ మోరిస్. మన రాజ్యాంగ పీఠిక కూడా ప్రజలమైన మేము అనే మొదలవుతుంది.

రాజ్యాంగాన్ని ఆమోదింపజేసే పనిలో విల్సన్ తప్పటడుగు ఒకటి చెప్పుకోవాలి. 1787 అక్టోబరు 6న స్టేట్ హౌస్ ఆవరణలో చేసిన ప్రసంగంలో, ఈ రాజ్యాంగంలో హక్కుల పత్రం ఎందుకు లేదన్న విమర్శకు జవాబిచ్చాడు. రాష్ట్ర రాజ్యాంగంలో, మినహాయించనిదంతా ప్రభుత్వానికి ఇచ్చినట్టే. కేంద్ర రాజ్యాంగంలో, ఇవ్వనిదంతా ప్రజల దగ్గరే ఉన్నట్టు. పత్రికల్ని నియంత్రించే అధికారమే ఇవ్వనప్పుడు పత్రికా స్వేచ్ఛను కాపాడతామని రాయడం ఎందుకు? తర్వాత ఇంకో మాట కలిపాడు: హక్కుల జాబితా రాస్తే, అందులో లేనివి ప్రభుత్వానివని ఎవరైనా అనొచ్చు. తర్కానికి వంక పెట్టలేం. కానీ అమ్ముడుపోని తర్కం. జనానికి కావలసింది కాగితంమీద కళ్లకు కనపడే మాట. డిసెంబరు 12న పెన్సిల్వేనియా 46, 23 ఓట్లతో ఆమోదించింది గానీ, దాదాపు రెండు వారాలకే కార్లైల్‌లో, అతను ప్రాక్టీసు మొదలుపెట్టిన ఊళ్లోనే, అతని దిష్టిబొమ్మ తగలబెట్టారు. 1791లో హక్కుల పత్రం వచ్చేసింది. జాబితాలో లేనంత మాత్రాన మిగతా హక్కులు పోయినట్టు కాదని చెప్పే తొమ్మిదో సవరణ మాత్రం విల్సన్ పక్షం లేవనెత్తిన భయానికి సమాధానమే. ఇక్కడా అంతే, ప్రధాన వాదన ఓడింది, మిగిలిన ముక్క నిలిచింది.

1789 ఏప్రిల్‌లో తనను ప్రధాన న్యాయమూర్తిని చేయమని వాషింగ్టన్‌కు స్వయంగా ఉత్తరం రాశాడు. వాషింగ్టన్ ఆ పదవి జాన్ జేకిచ్చి, విల్సన్‌కు అసోసియేట్ పదవి ఇచ్చాడు. కోర్టులో కేసులు తక్కువ, ప్రయాణాలు ఎక్కువ. ప్రతి జడ్జీ ఏటా రెండుసార్లు సర్క్యూట్ తిరగాలి, అంటే ఊరూరా వెళ్లి కేసులు వినాలి. 1792లో సైనికుల పెన్షను దరఖాస్తుల్ని పరిశీలించే పని కాంగ్రెస్ సర్క్యూట్ కోర్టులకు అప్పజెప్పి, తుది మాట యుద్ధ కార్యదర్శికి ఉంచింది. విల్సన్ ఉన్న కోర్టు ఆ పని చేయనంది. మా తీర్పును మంత్రి దిద్దేట్టయితే అది న్యాయవిచారణ కాదన్నది కారణం. రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టాన్ని కోర్టు కొట్టేయొచ్చని తేల్చిన మార్‌బరీ కేసుకు పదకొండేళ్ల ముందు మాట ఇది.

కానీ జడ్జీగా విల్సన్‌ను చదవాలంటే 1793 నాటి చిషోమ్ వర్సెస్ జార్జియా చదవాలి. యుద్ధకాలంలో, 1777లో, దక్షిణ కెరొలినా వర్తకుడు రాబర్ట్ ఫార్కర్ జార్జియా రాష్ట్రానికి సరుకు సరఫరా చేశాడు. బాకీ సుమారు 1,69,600 డాలర్లు. డబ్బు రాకుండానే ఆయన పోయాడు. వీలునామా అమలుదారు అలెగ్జాండర్ చిషోమ్ సుప్రీంకోర్టుకెక్కాడు. సార్వభౌమ రాష్ట్రంమీద దావా చెల్లదంటూ జార్జియా వాదనకే రాలేదు. నాలుగు ఒకటి తేడాతో జార్జియా ఓడింది. విల్సన్ తీర్పు సూటిగా ఉంటుంది. సార్వభౌమత్వం అన్న మాటే ఈ రాజ్యాంగానికి తెలియదన్నాడు. స్వేచ్ఛ గల ఒక మనిషి తన ఒప్పందానికి కట్టుబడి కోర్టుకు వస్తే అతని పరువు పోదు. అలాంటి మనుషులు కలిసి ఏర్పడిందే రాష్ట్రం. విడివిడిగా పోని పరువు కలిస్తే ఎలా పోతుంది? నిజాయతీ లేని వర్తకుడిలాగే నిజాయతీ లేని రాష్ట్రం కూడా బాకీ ఎగ్గొడుతుంది, దాన్ని కోర్టు వినాల్సిందే.

రాష్ట్రాలు గగ్గోలు పెట్టాయి. యుద్ధ బాకీలు అందరికీ ఉన్నాయి కదా. ఈ తీర్పు అమలు చేయడానికి వచ్చేవాణ్ణి ఉరితీయాలని జార్జియా దిగువ సభ బిల్లు పాస్ చేసింది. 1795 నాటికి పదకొండో సవరణకు సరిపడా రాష్ట్రాల ఆమోదం వచ్చి, ఇతర రాష్ట్రాల పౌరులు ఒక రాష్ట్రంమీద ఫెడరల్ కోర్టుకెక్కే దారి మూసుకుపోయింది. విల్సన్ మళ్లీ ఓడిపోయాడు. కానీ ఇది తప్పు వాదన కాదు. మన రాజ్యాంగం 300వ అధికరణం ప్రభుత్వంమీద దావా వేయనిస్తుంది, అయినా సార్వభౌమాధికారం అన్న సాకు మన కోర్టుల్లో చాలాకాలం చెల్లింది. 1975లో ఆంధ్రప్రదేశ్ విజిలెన్స్ అధికారులు ఒక వ్యాపారి ఎరువులు, ధాన్యం నిల్వలు స్వాధీనం చేసుకున్నారు. తిరిగివ్వమని ఆదేశం వచ్చేసరికి సరుకు చెడిపోయింది. నష్టం ఇవ్వనక్కర్లేదని రాష్ట్రం సార్వభౌమత్వం మాటునే నిలబడింది. 1994లో మన సుప్రీంకోర్టు ఆ మాటును తోసేసి రాష్ట్రం చెల్లించాల్సిందేనంది. ఫార్కర్ కేసు, ఈ కేసు ఒకదాని నుంచి ఒకటి పుట్టినవి కావు. ప్రశ్న మాత్రం ఒకటే.

బాకీ ఎగ్గొట్టే వర్తకుణ్ణి అంత ఘాటుగా దుయ్యబట్టిన తీర్పు రాసిన నాటికే రచయిత మెడలోతు అప్పుల్లో ఉన్నాడు. ఇల్లినాయ్-వాబాష్ అనే భూముల కంపెనీకి అధ్యక్షుడు. పెన్సిల్వేనియా అడవుల వారంట్లు గుట్టలుగా కొన్నాడు. లక్షల ఎకరాలు డచ్ పెట్టుబడిదారులకు అమ్మజూపాడు. జార్జియా శాసనసభ్యులకు లంచాలిచ్చి నడిపిన 1795 యాజూ భూముల బేరంలోనూ వాటాదారు. అసోసియేట్ జడ్జీ జీతం ఏటా 3,500 డాలర్లు.

ఈ వ్యాపారం కూలిన తీరు సూటిగా చెప్పుకోవచ్చు. 1792 పెన్సిల్వేనియా చట్టం కింద అలిగెనీ నదికి అవతలి భూమి వంద ఎకరాలకు 7 పౌండ్ల 10 షిల్లింగులు. ఒక వారంటుకు 400 ఎకరాలే పరిమితి. సట్టా వ్యాపారులు దొరికినవాళ్ల పేర్లన్నిటిమీదా వారంట్లు తీసి, తమ పేరుకు రాయించుకునేవాళ్లు. పరిమితి అలా దాటొచ్చు. దాటలేనిది ఇంకో షరతు: రెండేళ్లలో మనుషుల్ని దింపి, ఇల్లు కట్టించి, వందకు రెండెకరాల చొప్పున అడవి కొట్టి సాగుచేయించి, అయిదేళ్లు ఉంచాలి. 1794 దాకా సరిహద్దులో ఆదివాసులతో యుద్ధం, యూరప్‌లో ఫ్రాన్స్ యుద్ధం. వలసొచ్చే రైతులూ తగ్గారు, యూరప్ డబ్బూ తగ్గింది. భూమినుంచి పైసా రాదు. సర్వే ఖర్చు, పన్ను, వడ్డీ మాత్రం ఆగవు. పాత ప్రామిసరీ నోటు తీర్చడానికి కొత్త నోటు రాయాలి. ఒకరి నోటుకు ఇంకొకరు పూచీ. 1797 ఫిబ్రవరిలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ బంగారం చెల్లింపులు ఆపేశాక అప్పు పుట్టడం కష్టమైంది. ఆ ఏడే విల్సన్ న్యూజెర్సీలోని బర్లింగ్టన్‌లో జైలుకెళ్లాడు. కొడుకు బర్డ్ విడిపించాడు. విప్లవానికి ఆర్థిక స్తంభమనిపించుకున్న రాబర్ట్ మోరిస్ కూడా మరుసటి ఏడు ఫిలడెల్ఫియా అప్పుల జైల్లో పడ్డాడు. విల్సన్ ఒక్కడి వెర్రి కాదిది, ఒక తరం జబ్బు.

దక్షిణానికి, ఉత్తర కెరొలినాలోని ఈడెన్‌టన్‌కు పారిపోయాడు. 1798లో అక్కడా పట్టించినవాడు పియర్స్ బట్లర్. బాకీ 1,97,000 డాలర్లు, జడ్జీ జీతం ప్రకారం 56 ఏళ్ల సంపాదన. ఈ బట్లర్ రాజ్యాంగ సమావేశంలో దక్షిణ కెరొలినా ప్రతినిధి. సీట్ల లెక్కలో బానిసల్ని ఐదింట మూడు కాదు, పూర్తిగా లెక్కించాలని పట్టుబట్టినవాడు. జైలునుంచి వచ్చాక విల్సన్ హార్నిబ్లో సత్రంలో ఉన్నాడు. రెండో భార్య హన్నా తోడుంది, ఆమెకు పాతికేళ్లు కూడా నిండలేదు. మలేరియా వచ్చింది, పక్షవాతం తగిలింది. ఆగస్టు 21న పోయాడు. వయసు 55. పదవి అప్పటికీ వదల్లేదు, ఎవరూ తీసేయలేదు. చిషోమ్ కేసులో ఒంటరిగా విభేదించిన జేమ్స్ ఐర్‌డెల్ ఊరు ఈడెన్‌టనే. చివరి రోజుల్లో ఆదరించిన కొద్దిమందిలో ఆ కుటుంబం ఉంది.

మరి మొదటి మాటమీదే మొండిగా నిలబడి ఉంటే? అదే సమావేశంలో మేరీలాండ్ ప్రతినిధి లూథర్ మార్టిన్ నిలబడ్డాడు. సంతకం చేయకుండా వెళ్లిపోయాడు. ఆ మొండితనం వల్ల ఒరిగిందేమీ లేదని చెప్పి విల్సన్‌ను సమర్థించేవాళ్లున్నారు. నాకు ఆ పోలిక కుదరదు. మార్టిన్‌ది పూర్తి తిరస్కారం. విల్సన్‌కు ఉన్న దారి వేరు, పెద్ద రాష్ట్రం ప్రతినిధిగా ఆ తీర్మానం తన నోట పెట్టకుండా ఉండటం. దక్షిణాదివాళ్లే పెట్టి, వాళ్లే వాదించుకోవాల్సి వచ్చేది. బేరంలో ముందు తగ్గినవాడు ఎంత నష్టపోతాడో భూమి కేసులు వాదించినవాడికి ఎవరూ నేర్పనక్కర్లేదు. 1913లో పదిహేడో సవరణతో సెనేట్ ప్రత్యక్ష ఎన్నిక వచ్చింది, అంటే అతని మొదటి మాటకు 126 ఏళ్లు పట్టింది. అధ్యక్షుడి ప్రత్యక్ష ఎన్నిక ఇప్పటికీ రాలేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఓటేస్తున్న తెలుగువాళ్లు అధ్యక్షుడి కోసం ఇప్పటికీ ఎలెక్టర్లకే ఓటేస్తున్నారు. అన్నట్టు, 1789 మొదటి ఎన్నికలో పెన్సిల్వేనియా ఎలెక్టర్లలో విల్సన్ ఒకడు.

1906లో అతని అవశేషాల్ని ఈడెన్‌టన్ నుంచి తెచ్చి ఫిలడెల్ఫియా క్రైస్ట్ చర్చి ఆవరణలో మళ్లీ ఖననం చేశారు. ఆ అక్టోబరులోనే హారిస్‌బర్గ్‌లో అప్పటి అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ విల్సన్‌ను పొగిడాడు. అతనికి నచ్చిన వాదన 1785 నాటిది: ఏ ఒక్క రాష్ట్రమూ చేయలేని పని ఏదైనా ఉంటే అది దేశ ప్రభుత్వం చేతిలోనే ఉండాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. పెద్ద కంపెనీల్ని అదుపులో పెట్టాలనుకుంటున్న రూజ్‌వెల్ట్‌కు అది చేతికందిన ఆయుధం. విల్సన్ ఆ వాదన రాసింది మాత్రం ఒక కంపెనీని కాపాడటానికి. పెన్సిల్వేనియా శాసనసభ బ్యాంక్ ఆఫ్ నార్త్ అమెరికా చార్టరును, అంటే దాని స్థాపన అనుమతి పత్రాన్ని, రద్దు చేయబోతుంటే అడ్డుకోవడానికి రాశాడు. ఆ బ్యాంకుకు అతను లాయరు, బాకీదారు కూడా. సభ వినలేదు, చార్టరు రద్దు చేసింది.